పండును వదిలి తెల్ల గుడ్డ మీద వాలిన కందిరీగలు: ఒక కేస్ స్టడీ

మా యూనిట్లో పెంచే కందిరీగ పేరు డయాకాస్మిమార్ఫా లాంగికాడేటా. పండు ఈగల పిల్లపురుగుల మీద ఆధారపడి బతికే పరాన్నజీవి. ఎర్రటి గోధుమ రంగు ఒళ్లు, నాలుగైదు మిల్లీమీటర్ల పొడవు, ఆడదానికి వెనక ఒంటికన్నా పొడవైన గుడ్లు పెట్టే సూది. పండు లోపల దాక్కున్న పురుగులోకి తొక్క మీది నుంచే ఆ సూది దించి గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల, ఈగ పురుగును లోపలి నుంచి తింటూ పెరుగుతుంది. పురుగు గుల్ల కట్టుకుని ప్యూపా అయ్యాక ఆ గుల్ల పగిలి ఈగ బదులు కందిరీగ బయటికొస్తుంది. ఇది ఆగ్నేయాసియా వైపు జాతి. 1940ల చివర్లో హవాయికి, ఆ తర్వాత ఫ్లోరిడాకు, లాటిన్ అమెరికా దేశాలకు తీసుకెళ్లారు. పండు ఈగల జీవ నియంత్రణ కోసం పెద్ద సంఖ్యలో పెంచి వదిలే కందిరీగల్లో ఇది ముందు వరసలో ఉంటుంది.

కేసు ఇదీ. వదలడానికి సిద్ధం చేసిన ఒక బ్యాచ్ కాగితం మీద నిక్షేపంగా ఉంది. ప్యూపాల నుంచి కందిరీగలు బయటికొచ్చిన శాతం బాగుంది, ఆడ మగ నిష్పత్తి బాగుంది, గొట్టంలోంచి ఎగిరి బయటపడే పరీక్ష పాసయింది, తేనె మీద బతికిన రోజులూ తగ్గలేదు. పెంపకం గదిలో పురుగులిస్తే గుడ్లు దండిగా పెట్టాయి. అదే బ్యాచ్‌ని చెట్ల మీద దించిన పెద్ద నెట్ కేజీలో, పురుగు పట్టిన పండ్లు వేలాడదీసి వదిలితే, ఆ పండ్లలోంచి వచ్చినవి చాలావరకు ఈగలే. కందిరీగలు నామమాత్రం.

ఇలాంటప్పుడు ఎవరైనా ముందు అనేమాట "బ్యాచ్ వీక్‌గా ఉంది" అని. ఆ మాటతో ఫైల్ మూసేయడం సులువు. కానీ వీక్‌గా ఉన్న కందిరీగ గదిలో అంత జోరుగా గుడ్లెలా పెడుతుంది? తేడా కందిరీగలో కాక, గదికీ చెట్టుకీ మధ్య ఎక్కడో ఉందని అనిపించి కేజీలోకి వెళ్లి కూర్చున్నాం.

కేజీలో కనిపించింది

కందిరీగలు ఎగరలేకపోవడం లేదు. వదిలిన చోటి నుంచి చక్కగా లేచి కొమ్మల్లోకి వెళ్లాయి. వాలుతున్న చోట్లే వేరుగా ఉన్నాయి. కేజీ జిప్పుకు లోపలి వైపు కుట్టిన తెల్ల పట్టీ, కొమ్మలకు గుర్తుగా కట్టిన తెల్ల గుడ్డ ముక్కలు, వీటి మీద పోగయ్యాయి. అలసి కూర్చున్నాయని సరిపెట్టుకోవచ్చు, వాటిలో ఒకదాన్ని దగ్గరగా చూడనంతసేపూ. అది గుడ్డ ముక్క మీద నెమ్మదిగా నడుస్తూ మీసాలతో తడుముతోంది. ఒకచోట ఆగి, కదలకుండా నిలబడి, పొట్ట పైకెత్తి, సూదిని ఒంటి కిందుగా తెచ్చి గుడ్డలోకి దించింది. కాసేపు ఉంచి తీసింది. రెండడుగులు వేసి మళ్లీ దించింది. ఆ గుడ్డ వెనక గాలి తప్ప ఏమీ లేదు. అక్కడికి జానెడు దూరంలో, పసుపు తిరిగిన పండు నిండా పురుగులున్నాయి.

"సార్, ఇవి పురుగు కోసం వెతకట్లేదు, మన గదిలోని గుడ్డ బిళ్ల కోసం వెతుకుతున్నాయి" అన్నాడు పక్కనున్న ల్యాబ్ అసిస్టెంట్. ఈ కేసు మొత్తానికి అంతకన్నా మంచి నిర్ధారణ నా దగ్గర లేదు.

తెలుపు మీద వాలడం ఒక్కటే అయితే వెలుతురుకు ఆకర్షణ అనుకోవచ్చు. చాలా పురుగులకు ఆ గుణం ఉంది. కానీ సూది దించడం వేరు. పురుగు ఇక్కడ ఉందన్న ఆశ ఏదో ఒకటి లేకుండా ఆడ కందిరీగ ఆ పని మీద అంతసేపు కూర్చోదు.

పెంపకం గదిలో అది చూసేదేమిటి

పెంపకం పద్ధతి చెబితే ఆ ఆశ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. బాగా ఎదిగిన ఈగ పురుగులకు ముందుగా రేడియేషన్ ఇస్తాం. గుడ్డు పడని పురుగులు కూడా ఈగలుగా మారకుండా ఉండడానికి అది. ఆ పురుగులను మేతతో కలిపి, గుండ్రటి చట్రంలో పలుచటి తెల్ల గుడ్డ రెండు పొరల మధ్య పరిచి, బల్లపరుపుగా ఉన్న ఆ బిళ్లను కందిరీగల కేజీలో పెడతాం. ఆడవి గుడ్డ మీద వాలి, కింద పురుగుల కదలిక పసిగట్టి, గుడ్డలోంచే పొడుస్తాయి. పని తేలిక, పురుగులు పారిపోవు, శుభ్రంగా ఉంటుంది. కాలనీకి, అంటే గదిలో కొనసాగించే మందకు, కావలసినన్ని గుడ్లు పెట్టించుకున్నాకే ఆ ఆడవాటిని బయట వదలడానికి పంపుతాం.

ఆ ఆడ కందిరీగ పెద్దదైన నాటి నుంచి పురుగు దొరికిన ప్రతిసారీ కళ్లముందున్నది ఒక్కటే: తెల్లటి, చదునైన గుడ్డ. గుండ్రటిది కాదు, పసుపూ కాదు, చుట్టూ ఆకుల పచ్చదనమూ లేదు.

ఇక్కడ ఒక అనుమానం తీర్చుకోవాలి. తరతరాలుగా గుడ్డ మీదే పెంచుతుంటే, గుడ్డను ఇష్టపడే వంశాలే మిగిలి, అది పుట్టు గుణమైపోయి ఉండవచ్చు కదా? అదే అయితే శిక్షణతో పోయేది కాదు, కాలనీనే మార్చాలి. దీన్ని తేల్చడానికి అదే బ్యాచ్‌లో, గుడ్డ బిళ్ల ఎప్పుడూ చూడని ఆడవాటిని విడిగా తీసి, అదే వయసుకు వచ్చాక అదే కేజీలో వదిలాం. అవి తెల్ల పట్టీని పట్టించుకోలేదు. పండ్ల మీదికి కూడా చురుగ్గా వెళ్లలేదు. కొమ్మల్లో తిరుగుతూ, చాలాసేపటికి ఏ పండు మీదో వాలి, అక్కడ పురుగు తగిలాక మాత్రం వేగం పుంజుకున్నాయి. కాబట్టి తెలుపు మీద మోజు పుట్టుకతో వచ్చింది కాదు, గదిలో నేర్చుకున్నది. ఏమీ నేర్పకుండా పంపితే సరిపోతుందనుకోవడానికీ లేదు, ఎందుకంటే అనుభవం లేనిది మొదటి పండు దొరికేదాకా చాలా సమయం పోగొట్టుకుంటుంది. బయట ఆ సమయంలో సాలీడుకు చిక్కవచ్చు, వానలో పడవచ్చు.

వయసు, ఆకలి, మగవాటితో కలవకపోవడం, ఆ రోజు ఉష్ణోగ్రత, ఇవన్నీ కూడా చూశాం. ఏదీ తెల్ల గుడ్డలో సూది దించడాన్ని వివరించలేదు, అందుకే వాటి మీద ఎక్కువ రాయను.

కందిరీగ నేర్చుకుంటుందన్నది కొత్త సంగతి కాదు

వాసన విషయంలో దీని మీద చాలా పని జరిగింది. మైక్రోప్లైటిస్ క్రోసీపెస్ అనే కందిరీగ గొంగళిపురుగు రెట్టను తాకినప్పుడు చుట్టూ ఉన్న వాసనను గుర్తుపెట్టుకుని తర్వాత దాని వైపు ఎగురుతుందని శాస్త్రవేత్తలు లూయిస్, టమ్లిన్సన్ 1988లో చూపించారు. 1990లో లూయిస్, తకాసు ఇంకో అడుగు ముందుకేశారు. ఒక వాసనను తిండితో, ఇంకో వాసనను పురుగుతో జతచేసి నేర్పితే, ఆకలిగా ఉన్నప్పుడు తిండి వాసన వైపు, కడుపు నిండి ఉన్నప్పుడు పురుగు వాసన వైపు అది వెళ్లింది. వాడిన వాసనలు వెనిలా, చాక్లెట్. ఈ రెండింటికీ కందిరీగ జీవితంతో ఏ సంబంధమూ లేకపోవడమే ఆ ప్రయోగంలో అందం.

చూపు మాట నిజానికి అంతకన్నా ముందే వచ్చింది. ఇటోప్లెక్టిస్ కాంక్విజిటర్ అనే కందిరీగ, పురుగు దాగి ఉన్న గూటి రంగును పురుగుతో జతచేసి గుర్తుపెట్టుకుంటుందని ఆర్థర్ 1966లోనే రాశాడు. 1990లో వార్డిల్ ఎగ్జెరిస్టెస్ రోబొరేటర్ మీద రంగు నేర్చుకోవడాన్ని చూపించింది. వాకర్స్, లూయిస్ 1994లో వాసన, చూపు రెండింటినీ కలిపి నేర్పి వాటి ఉమ్మడి ప్రభావం చూశారు. మా జాతి విషయంలోనే 2007లో సెగూరా, ఆయన సహచరులు చూపు సమాచారం, నేర్చుకోవడం రెండూ చోటు ఎంచుకోవడంలో పనిచేస్తాయని రాశారు. అంటే మా కేజీలో జరిగింది వింత కాదు. వింత ఏమిటంటే, ఇంత తెలిసి కూడా పెంపకం గదిలో గుడ్డ రంగును ఎవరూ ఒక విషయంగా లెక్కవేయకపోవడం.

కందిరీగకు ఈ తెలివి ఎందుకు అవసరమైందంటే, పురుగు తన జాడ తెలియకుండా ఉండడానికే ప్రయత్నిస్తుంది. దాని సొంత వాసన నమ్మదగినదే కానీ దూరానికి రాదు. పండు రంగు, మాగిన పండు వాసన దూరం నుంచే తెలుస్తాయి, కానీ ప్రతి పండులోనూ పురుగు ఉండదు. పురుగు దొరికిన క్షణంలో కనిపించిన, వాసనొచ్చిన దూరపు గుర్తులను దానికి ముడివేసుకుంటే ఈ చిక్కు తీరుతుంది. ఈ వారం ఏ చెట్టు పండ్లలో పురుగు పడిందో పుట్టుకతో తెలిసే మార్గం లేదు కాబట్టి నేర్చుకోవాలి.

మా జాతి పురుగును చేరే తీరులో ఒకదాని వెంట ఒకటి మెట్లున్నాయి. కుళ్లుతున్న పండులో బూజు విడుదల చేసే ఎసిటాల్డిహైడ్ లాంటి వాసనలు దాన్ని ఆ చుట్టుపక్కలకు లాగుతాయని 1977లో గ్రీనీ బృందం చూపించింది. పండు మీద వాలాక లోపలి పురుగు కదలికల ప్రకంపన చెబుతుంది, సరిగ్గా ఎక్కడ పొడవాలో. ఈ రెండు మెట్ల మధ్యలో, నాలుగైదు అడుగుల దూరం నుంచి ఏ వస్తువు మీద వాలాలి అన్న నిర్ణయం కంటిది. మా బ్యాచ్ జారిపడింది ఆ మధ్య మెట్టు మీదే. వాసన దాన్ని చెట్టు దాకా తెచ్చింది. కన్ను గుడ్డ మీదికి తీసుకెళ్లింది.

రంగు పరీక్ష

నిజంగా కన్నే చేస్తోందా అన్నది గదిలో విడిగా పరీక్షించాం. వాడినవి బోర్లించిన గిన్నెల్లాంటి రెండు రంగుల గోపురాలు, పసుపు, నీలం. సగం కందిరీగలకు పసుపు గోపురం కింద పురుగులు ఉంచి నేర్పాం, సగానికి నీలం కింద. ఇలా అటూ ఇటూ చేయకపోతే ఫలితానికి విలువ లేదు. పసుపు వైపు పుట్టుకతోనే మొగ్గు ఉన్న కందిరీగలు చాలా ఉన్నాయి. అందరికీ పసుపు నేర్పి, అందరూ పసుపు మీద వాలారని సంబరపడితే నేర్చుకున్నదేదో, పుట్టుకతో వచ్చిందేదో తేలదు.

పరీక్షప్పుడు గోపురాలు రెండూ కొత్తవి, ఖాళీవి. నేర్పడానికి వాడినవి మళ్లీ వాడితే వాటికి అంటిన మేత వాసన మొత్తం ఆటను చెడగొడుతుంది. లోపల పురుగు ఉంటే ప్రకంపన చెప్పేస్తుంది. కుడి ఎడమలు ప్రతిసారీ మార్చాం. ఒక్కో ఆడదాన్ని విడిగా వదిలాం, ఎందుకంటే ఒకటి వాలిన చోటికి ఇంకొకటి వెళ్లే అవకాశం ఉంది.

అసలు టెన్షన్ పెట్టింది రంగు కాగితాలు. కందిరీగల కంటిలో మామూలుగా ఉండే కాంతి గ్రాహకాలు అతినీలలోహితానికి (మన కంటికి కనపడని కాంతి), నీలానికి, ఆకుపచ్చకు. ఎరుపు వాటికి దాదాపు చీకటి. మన కంటికి ఒకేలా కనిపించే రెండు పసుపు కాగితాల్లో ఒకటి అతినీలలోహిత కాంతిని తిప్పి పంపి, ఇంకొకటి మింగేస్తే, కందిరీగకు అవి రెండు వేర్వేరు రంగులు. తెల్ల గుడ్డలూ అంతే. మామూలు నూలు గుడ్డ, తెల్లదనం కోసం మెరుపు రసాయనం కలిపిన గుడ్డ మనకు తేడా తెలియదు. ఆ రసాయనం అతినీలలోహితాన్ని మింగి నీలంగా వదులుతుంది. కాబట్టి కాగితాలను కంటితో చూసి కాకుండా, ఏ రంగు కాంతి ఎంత ఉందో చెప్పే స్పెక్ట్రోమీటర్‌తో కొలిచి ఎంచుకున్నాం. వెలుగు తేడాను రంగు తేడాగా పొరబడకుండా, వేర్వేరు మెరుపుల బూడిద రంగు గోపురాలతో కూడా పోల్చాం.

గదిలోని దీపాలూ ఈ లెక్కలోకే వస్తాయి. పాత చోక్ ఉన్న ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. మనకు తెలియదు, తేనెటీగ కన్ను మాత్రం సెకనుకు దాదాపు 200 మినుకులను కూడా విడిగా గుర్తిస్తుంది. కందిరీగలు వాటి బంధువులే కాబట్టి రిస్క్ తీసుకోకుండా, మినుకు లేని దీపాలు, కిటికీ వెలుతురు ఉన్న గదికి మారాం.

ఫలితం సూటిగానే వచ్చింది. పసుపు నేర్చుకున్నవి పసుపు మీద, నీలం నేర్చుకున్నవి ఎక్కువగా నీలం మీద వాలి సూది దించడానికి ప్రయత్నించాయి. ఏమీ నేర్వనివాటిలో పసుపు వైపు కొంత మొగ్గు కనిపించింది. పసుపు నేర్పడం త్వరగా పట్టుకుంది, నీలం నేర్పడానికి ఎక్కువసార్లు పురుగులివ్వాల్సి వచ్చింది, దాన్ని త్వరగా మరిచిపోయాయి కూడా. పుట్టుకతో ఉన్న మొగ్గుకు వాలుగా నేర్పితే తేలిక, ఎదురుగా నేర్పితే కష్టం. దీన్నిబట్టి మా దగ్గర తెల్ల గుడ్డ చేసిన పని ఎంత బలమైనదో చూడండి. ఎడతెగకుండా రోజుల తరబడి అదే చూపించాం కాబట్టే అంతగా నాటుకుంది.

వదిలే ముందు నేర్పడం

చికిత్స సంగతి. కాలనీ కోసం తెల్ల గుడ్డ బిళ్లలు అలాగే ఉంచాం, ఆ పని వాటితోనే తేలిక. వదలబోయే ఆడవాటిని మాత్రం చివర్లో వేరే కేజీకి మార్చి, గుండ్రటి పసుపు పచ్చ గోపురాల మీద, పురుగు పట్టిన పండు గుజ్జుతో కలిపి, పురుగులిచ్చాం. రంగు, ఆకారం, పండు వాసన మూడూ ఒకేసారి. ఒంటరిగా రంగు నేర్పడం పరీక్షకు పనికొస్తుంది కానీ తోటలో వాసన, చూపు జంటగానే వస్తాయి, జంటగా నేర్పడమే సరి.

ఎన్నిసార్లు నేర్పాలన్నదానికి వేరే కందిరీగల నుంచి దారి దొరికింది. కొటేసియా గ్లొమెరాటా ఒక్కసారి గుడ్డు పెడితే చాలు, దీర్ఘకాల జ్ఞాపకం ఏర్పడుతుంది. దాని దగ్గరి బంధువు కొటేసియా రుబెక్యులాకు అదే జ్ఞాపకం రావాలంటే మధ్యలో విరామాలతో పలుసార్లు కావాలి. 2007లో స్మిడ్ బృందం దీన్ని చూపించింది. మొదటిది గుంపులుగా ఉండే గొంగళిపురుగుల మీద, రెండోది విడివిడిగా ఉండే పురుగుల మీద ఆధారపడుతుంది. ఒకచోట దొరికితే పక్కనా ఉంటుందన్న నమ్మకం మొదటిదానికి ఉంది, రెండోదానికి లేదు. మా జాతి ఏ వర్గమో ముందే తీర్మానించుకోకుండా, ఒకే దీర్ఘ సెషన్ బదులు మధ్యలో విరామాలిచ్చిన చిన్న సెషన్లు పెట్టాం. సెషన్లు చిన్నవిగా ఉంచడానికి ఇంకో కారణం ఉంది. శిక్షణలో పెట్టే ప్రతి గుడ్డూ తోటలో పెట్టాల్సిన గుడ్డే.

నెట్ కేజీలో మళ్లీ వదిలినప్పుడు తేడా కంటికే తెలిసింది. శిక్షణ పొందినవి తెల్ల పట్టీ మీద అక్కడక్కడా వాలినా ఆగలేదు. పండ్ల మీద నడక, తడుముకోవడం, సూది దించడం వదిలిన రోజే మొదలయ్యాయి. ఆ పండ్లలోంచి వచ్చిన ప్యూపాల్లో కందిరీగల వాటా పాత పద్ధతిలో వదిలినవాటికన్నా, ఏమీ నేర్పనివాటికన్నా స్పష్టంగా ఎక్కువ. వదిలే ముందు నేర్పడం తోటలో పనికొస్తుందనడానికి వేరే ఉదాహరణలూ ఉన్నాయి. కాలిఫోర్నియా ఎర్ర పొలుసు పురుగు మీద వదిలే అఫైటిస్ మెలినస్‌కు, ఆ పురుగు పొలుసులోని ఒక రసాయనాన్ని ముందుగా రుచి చూపించి వదిలితే తోటలో పరాన్నత (కందిరీగ పాలైన పురుగుల వాటా) పెరిగిందని 1997లో హేర్ బృందం ప్రచురించింది. అది వాసన, రుచికి సంబంధించిన పని. మాది కంటికి సంబంధించింది.

రెండు హద్దులు మాత్రం ముందే చెప్పాలి. నేర్పిన రోజే వదిలినవి బాగా చేశాయి. చల్లటి పెట్టెలో ప్రయాణం చేసి మర్నాడు వదిలినవాటిలో తేడా తగ్గింది. రెండోది, పురుగు లేని పండ్లు ఎక్కువగా ఉన్న కేజీలో అవి నేర్చుకున్నది త్వరగా వదిలేశాయి. పసుపు పండు మీద వాలి వాలి ఏమీ దొరక్కపోతే పసుపు మీద నమ్మకం ఎందుకుంటుంది? కందిరీగ చేసిన పని సరైనదే, మనకే అది ఇబ్బంది. కాబట్టి పురుగు ఉధృతి బాగా తక్కువగా ఉన్న చోట శిక్షణకు పెట్టిన శ్రమ తిరిగి రాదు.

పండు రంగు కూడా నిలకడైనది కాదు. ఒకే చెట్టు మీద పచ్చివి, దోరవి, మాగినవి కలిసి ఉంటాయి. ఒక్క పసుపు మీదే నేర్పితే, పురుగు పట్టి ఇంకా పచ్చగా ఉన్న పండును దాటిపోవచ్చు. అందుకే గోపురాల్లో కొన్ని పచ్చవి, కొన్ని పసుపువి కలిపి, రెండింటి కిందా పురుగులు పెడుతున్నాం. రంగు మీద పట్టు కొంచెం సడలుతుంది, గుండ్రటి ఆకారం, పండు వాసన మాత్రం రెండింటిలోనూ ఒకటే కాబట్టి అవి నిలుస్తాయి.

ఉష్ణోగ్రత మీద ఒక మాట, వేరే జాతి నుంచి. పింప్లా టురియోనెల్లే అనే కందిరీగ మీసాలతో కాడను తట్టి, తిరిగొచ్చే ప్రకంపనను బట్టి లోపలి ప్యూపాను కనిపెడుతుంది. మరీ చల్లగా, మరీ వేడిగా ఉంటే ఆ పద్ధతి దెబ్బతిని, కంటి గుర్తుల మీద ఆధారం పెరుగుతుంది. మా జాతి ప్రకంపనను పంపదు, వింటుందంతే. అయినా చల్లటి ఉదయాల్లో పురుగులే మందకొడిగా కదులుతాయి, వినడానికి చప్పుడు తక్కువ. కనుక పొద్దున్నే వదిలే బ్యాచ్‌లకు కంటి శిక్షణ తప్పనిసరి చేశాం. మధ్యాహ్నం వదిలేవాటికి, మనుషులు తక్కువున్న రోజుల్లో, ఒక సెషన్ తగ్గిస్తున్నాం.

ఇప్పుడు బ్యాచ్ షీటులో ఆడ మగ నిష్పత్తి, ఎగిరే పరీక్షల కింద ఒక గడి చేరింది: చివరిసారి గుడ్లు పెట్టిన ఉపరితలం రంగు, ఆకారం, ఎప్పుడు. తెల్ల గుడ్డ అని రాసి ఉన్న బ్యాచ్ తోటకు వెళ్లదు, మళ్లీ గోపురాల కేజీకి వెళ్తుంది. నెట్ కేజీలో కొమ్మలకు కట్టే గుర్తులు కూడా మార్చాం, ఇప్పుడు ముదురు ఎరుపు టేపు కడుతున్నాం. మనకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, వాటికి మాత్రం నల్లటి నీడ.